ఐపీ చిరునామాల బ్లాకులు, సబ్‌నెట్ సైజులు: కాగితం, పెన్సిలు చాలు

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక కార్యాలయంలో కొత్త ప్రింటర్ పెట్టారు. ఒక వరుసలో కూర్చున్న వాళ్లందరికీ అది చక్కగా పనిచేసింది. ఎదుటి వరుసలో ఒక్కరికీ పనిచేయలేదు. కేబుళ్లు మార్చాం, స్విచ్ మార్చాం, ప్రతి కంప్యూటర్‌లోనూ డ్రైవర్ తీసి మళ్లీ ఎక్కించాం. రెండు రోజుల తరువాత ప్రింటర్ సెట్టింగులను కాగితం మీద ముద్రించి చూస్తే, సబ్‌నెట్ మాస్క్ దగ్గర 255.255.255.0 ఉండాల్సిన చోట 255.255.255.128 అని ఉంది. చివరి అంకె సరిచేయడానికి ఒక్క నిమిషం పట్టింది.

ఆ అంకెకు అర్థం తెలిసి ఉంటే మొదటి గంటలోనే పని అయిపోయేది. సబ్‌నెట్ లెక్కలు (వరసగా ఉన్న ఐపీ చిరునామాల గుంపును, అంటే బ్లాకును, చిన్న నెట్‌వర్కులుగా పంచే లెక్కలు) చాలామందికి పరీక్ష కోసం బట్టీ పట్టిన జ్ఞాపకంగానే మిగిలిపోతాయి. పని పడినప్పుడు ఏదో ఒక వెబ్‌సైటులో సంఖ్య వేసి జవాబు తెచ్చుకుంటారు. జవాబు వస్తుంది కానీ, ఎందుకు వచ్చిందో తెలియదు. ఈ విషయంలో నిజంగా పట్టుకోవలసిన సూత్రం ఒక్కటే: ప్రతి బ్లాకు సైజూ రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అన్న వరుసలోని సంఖ్యే అవుతుంది, ఆ బ్లాకు తన సైజు గుణిజం దగ్గరే మొదలవుతుంది. మిగతాదంతా దీని నుంచే వస్తుంది. ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి.

మొదటి అడుగు: ఎస్‌టీడీ కోడును గుర్తు చేసుకోండి

ల్యాండ్‌లైను రోజుల్లో హైదరాబాద్ కోడు 40, దాని తరువాత ఎనిమిది అంకెల నంబరు. విజయవాడ కోడు 866, తరువాత ఏడు అంకెలు. మచిలీపట్నం కోడు 8672, తరువాత ఆరు అంకెలే. ముందు నొక్కే సున్నాను వదిలేస్తే ఎక్కడైనా మొత్తం పది అంకెలు. కోడు చిన్నదైతే ఊళ్లో ఎక్కువ ఫోన్లకు చోటు ఉంటుంది. కోడు పెద్దదైన కొద్దీ ఆ చోటు తగ్గుతుంది. పది అంకెల మధ్య ఎక్కడ గీత గీశారన్నదే తేడా.

నెట్‌వర్క్‌లోని ప్రతి పరికరానికీ ఉండే నంబరు, అంటే ఐపీ చిరునామా కూడా ఇలాంటిదే. నాలుగో వెర్షన్ చిరునామాలో పది అంకెలకు బదులు 32 బిట్లు ఉంటాయి. బిట్ అంటే 0 లేదా 1. మనుషులు చదవడానికి వీలుగా వాటిని ఎనిమిదేసి చొప్పున నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని 0 నుంచి 255 వరకు ఉండే సంఖ్యగా రాస్తారు. 192.168.10.77 అలా వచ్చిందే. దాని పక్కన /24 అని రాస్తే, మొదటి 24 బిట్లు ఊరి కోడు, మిగిలిన 8 బిట్లు ఆ ఊళ్లోని ఇంటి నంబరు అని అర్థం. ఆ 24నే ప్రిఫిక్స్ పొడవు అంటారు. పొడవు పెరిగితే బ్లాకు చిన్నదవుతుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే: /28 కంటే /20 చాలా పెద్దది.

ఫోను కోడుతో ఒక్క తేడా ఉంది. ఫోను నంబరులో గీత అంకెల మధ్యనే పడుతుంది కాబట్టి, ఒక అంకె జరిగితే నంబర్ల సంఖ్య పది రెట్లు మారుతుంది. ఇక్కడ గీత ఏ బిట్ దగ్గరైనా పడవచ్చు, ఒక బిట్ జరిగితే సైజు రెండు రెట్లే మారుతుంది. చుక్కల మధ్య ఉన్న సంఖ్య లోపల కూడా గీత పడుతుందన్న మాట. కష్టమంతా అక్కడి నుంచే వస్తుంది.

రెండో అడుగు: సైజు లెక్క

32లోంచి ప్రిఫిక్స్ పొడవు తీసేయండి. ఒకటితో మొదలుపెట్టి, మిగిలినన్ని సార్లు రెండుతో గుణించండి. /24 అయితే 8 బిట్లు మిగులుతాయి, అంటే 256 చిరునామాలు. ప్రతిసారీ గుణించనక్కర్లేదు. /24 అంటే 256 అన్న ఒక్కటి గుర్తు పెట్టుకుని, అక్కడి నుంచి మెట్లు ఎక్కుతూ దిగుతూ పోవచ్చు. ప్రిఫిక్స్ ఒకటి పెరిగితే సగం:

/25 – 128
/26 – 64
/27 – 32
/28 – 16
/29 – 8
/30 – 4

ఒకటి తగ్గితే రెట్టింపు:

/23 – 512
/22 – 1,024
/21 – 2,048
/20 – 4,096
/16 – 65,536
/8 – 1,67,77,216

ఇవి మొత్తం చిరునామాలు. పరికరాలకు ఇవ్వగలిగేవి వీటికంటే రెండు తక్కువ. బ్లాకులో మొదటి చిరునామా ఆ నెట్‌వర్క్ పేరు. చివరిది బ్రాడ్‌కాస్ట్, అంటే ఆ నెట్‌వర్క్‌లోని అందరికీ ఒకేసారి చేరే చిరునామా. అందుకే /24లో 254, /27లో 30, /30లో 2 మాత్రమే పరికరాలకు దక్కుతాయి. ఆ దక్కిన వాటిలోనే ఒకటి రూటరుకు, అంటే బయటి నెట్‌వర్కులకు దారి అయిన గేట్‌వేకు, పోతుంది. ముప్ఫై కంప్యూటర్లు ఉన్నాయి కదా అని /27 తీసుకుంటే గేట్‌వేకు చోటు ఉండదు. ఈ పొరపాటు అనుభవజ్ఞులూ చేస్తారు.

రెండు మినహాయింపులు చెప్పాలి. రెండు రూటర్లను నేరుగా కలిపే తీగకు /31 వాడవచ్చు. అందులోని రెండు చిరునామాలూ పనికొస్తాయి. 2000 డిసెంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3021 అన్న ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఇందుకు దారి ఇచ్చింది. /32 అంటే ఒకే ఒక్క చిరునామా. రాకపోకలను వడకట్టే ఫైర్‌వాల్ నియమాల్లో ఒక సర్వరును మాత్రమే చూపడానికి దీన్ని రాస్తారు.

మూడో అడుగు: మాస్క్‌తో స్నేహం

సబ్‌నెట్ మాస్క్ కొత్త సమాచారమేమీ కాదు. స్లాష్ సంఖ్యనే ఇంకో రూపంలో రాస్తారు. ఊరి కోడుకు చెందిన బిట్లన్నీ 1, మిగతావన్నీ 0. /24 అంటే 24 ఒకట్లు, ఎనిమిది సున్నాలు: 255.255.255.0. ఒకట్లు ఎడమ నుంచి వరసగా వస్తాయి కాబట్టి మాస్క్‌లోని ఏ భాగంలోనైనా కనిపించగల విలువలు తొమ్మిదే: 0, 128, 192, 224, 240, 248, 252, 254, 255. ఎక్కడైనా 255.255.255.200 అని కనిపిస్తే అది తప్పని లెక్క వేయకుండానే చెప్పవచ్చు.

ఇప్పుడు చాలా ఉపయోగపడే చిన్న ఉపాయం. మాస్క్‌లో 255 గానీ 0 గానీ కాని భాగాన్ని చూడండి. 256లోంచి దాన్ని తీసేస్తే, ఆ భాగంలో బ్లాకు ఎంతెంత దూరంలో మొదలవుతుందో తెలుస్తుంది. 224 అయితే 32. 240 అయితే 16. 128 అయితే 128. దీన్ని ఈ వ్యాసంలో 'అంగ' అంటాను. ఒక బ్లాకు మొదలు నుంచి తరువాతి బ్లాకు మొదలుకు వేసే అంగ.

నాలుగో అడుగు: సరిహద్దు కనుక్కోవడం

192.168.10.77/27 ఏ బ్లాకులోది? /27 మాస్క్ 255.255.255.224. అంగ 32. చివరి భాగంలో బ్లాకులు 0, 32, 64, 96, 128 దగ్గర మొదలవుతాయి. 77 కంటే పెద్దది కాని చివరి గుణిజం 64. కాబట్టి నెట్‌వర్క్ 192.168.10.64. తరువాతి బ్లాకు 96 దగ్గర మొదలవుతుంది గనుక దీని చివరి చిరునామా, అంటే బ్రాడ్‌కాస్ట్, 95. పరికరాలకు 65 నుంచి 94 వరకు.

గీత మూడో భాగంలో పడితే కొంచెం నిదానించాలి. 172.16.45.200/20 తీసుకోండి. మాస్క్ 255.255.240.0, అంగ 16, కానీ ఈసారి మూడో భాగంలో. 45 కంటే పెద్దది కాని 16 గుణిజం 32. నెట్‌వర్క్ 172.16.32.0. తరువాతిది 172.16.48.0 దగ్గర మొదలవుతుంది కాబట్టి ఈ బ్లాకు 172.16.47.255 దగ్గర ముగుస్తుంది. మధ్యలో వచ్చే 172.16.40.0, 172.16.45.255 వంటివి ఇక్కడ మామూలు చిరునామాలే, ఏ కంప్యూటరుకైనా ఇవ్వవచ్చు. చివర 0 గానీ 255 గానీ ఉంటే ఇవ్వకూడదన్న నమ్మకం /24 అలవాటు వల్ల వచ్చింది.

కంప్యూటర్ ఈ పని ఎలా చేస్తుందో ఒక్కసారి బిట్లలో చూడటం మంచిది. 77ను బిట్లలో రాస్తే 01001101. 224 అంటే 11100000. రెండింటిలోనూ 1 ఉన్నచోట మాత్రమే 1 ఉంచితే 01000000 వస్తుంది, అంటే 64. మనం గుణిజాలతో చేసినదీ ఇదే. మాస్క్‌లో సున్నాలు ఉన్నచోట చిరునామాను చెరిపేస్తే, మిగిలేది ఆ సైజు గుణిజం మాత్రమే అవుతుంది. బ్లాకు ఎక్కడ పడితే అక్కడ ఎందుకు మొదలవదో ఇప్పుడు తెలుస్తుంది. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు, గీత గీయడంలోనే ఉన్న లక్షణం.

ఇక ఆ ప్రింటర్ సంగతికి వద్దాం. దాని చిరునామా చివర 20. కంప్యూటర్లన్నిటి మాస్కూ 255.255.255.0 కాబట్టి వాటి దృష్టిలో ప్రింటర్ పక్కింటిదే. పనిని నేరుగా దానికే పంపాయి. ప్రింటర్ మాస్క్ మాత్రం 128, అంగ 128. దాని లెక్కలో 0 నుంచి 127 వరకే తన ఊరు. మొదటి వరుస కంప్యూటర్లకు చివర 30, 40 వంటి సంఖ్యలు ఉన్నాయి, వాటికి జవాబు వెళ్లింది. ఎదుటి వరుసకు 140 నుంచి ఇచ్చాం. వాటికి జవాబు పంపాలంటే వేరే ఊరనుకుని గేట్‌వేను వెతికింది. గేట్‌వే గడిని ఎవరూ నింపలేదు. పని చేరింది, జవాబు తిరిగి రాలేదు. ఒకే గదిలో కొందరికి పనిచేసి కొందరికి పనిచేయకపోతే ముందుగా రెండు వైపులా మాస్కులు చూడండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ ఆదేశం ఇస్తే చిరునామా, మాస్క్, గేట్‌వే మూడూ ఒకచోట కనిపిస్తాయి.

'క్లాస్ సి' అన్న మాట ఎక్కడిది?

పాత పుస్తకాల్లో, ఇంటర్వ్యూల్లో ఈ మాట ఇంకా వినిపిస్తుంది. 1981 సెప్టెంబరులో జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 791లో మూడే సైజులు ఉండేవి: క్లాస్ ఎ అంటే /8, బి అంటే /16, సి అంటే /24. చిరునామాలోని మొదటి సంఖ్య చూసి ఏ క్లాసో చెప్పేసేవారు. ఇబ్బంది ఎక్కడ వచ్చిందో తేలికగా ఊహించవచ్చు. వెయ్యి కంప్యూటర్లున్న సంస్థకు సి చాలదు, బి ఇస్తే అరవై వేలకు పైగా చిరునామాలు వృథా. పోనీ నాలుగు సి బ్లాకులు ఇద్దామంటే ప్రపంచంలోని పెద్ద రూటర్లన్నీ ఒక దారికి బదులు నాలుగు దారులు గుర్తు పెట్టుకోవాలి. ఆ పట్టికలు రూటర్ల జ్ఞాపకశక్తిని మించి పెరగసాగాయి. 1993 సెప్టెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 1519తో క్లాసుల పద్ధతికి బదులు, గీతను ఏ బిట్ దగ్గరైనా గీయగల పద్ధతి వచ్చింది. దాని పేరు సీఐడీఆర్. స్లాష్ పెట్టి సంఖ్య రాయడం దానితోనే వాడుకలోకి వచ్చింది.

తొలి రోజుల్లో ఉదారంగా పంచిన బ్లాకుల ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. 17తో మొదలయ్యే చిరునామాలన్నీ, అంటే కోటీ 67 లక్షలకు పైగా, ఆపిల్ సంస్థవే. 18తో మొదలయ్యేవన్నీ ఒకప్పుడు అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానివి. 2017లో అందులో కొంత భాగాన్ని అమెజాన్‌కు అమ్మింది. ఇప్పుడు ఎవరైనా 'క్లాస్ సి' అంటే వారి ఉద్దేశం /24 అని అర్థం చేసుకోండి, కానీ మీరు మాత్రం /24 అనే అనండి. 10.5.5.0/24 పాత లెక్కలో క్లాస్ ఎ. దాన్ని సి అంటే మాటా తప్పే, లెక్కా తప్పే.

ఐదో అడుగు: ఏ బ్లాకు మీది, ఏది కాదు

32 బిట్లతో వచ్చే మొత్తం చిరునామాలు 4,29,49,67,296. నాలుగు వందల ఇరవై తొమ్మిది కోట్లు. ఇంటర్నెట్‌లో నేరుగా కనిపించే చిరునామాలను మనకు నచ్చినట్టు వాడుకోలేం. ప్రపంచ స్థాయిలో ఐఏఎన్ఏ, ఆసియా పసిఫిక్ ప్రాంతానికి బ్రిస్బేన్‌లోని ఏపీనిక్, మన దేశంలో నిక్సీ నడిపే ఐఆర్ఐఎన్ఎన్ వాటిని కేటాయిస్తాయి. 2011 ఫిబ్రవరి 3న ఐఏఎన్ఏ దగ్గర మిగిలిన చివరి ఐదు /8 బ్లాకులను ఐదు ప్రాంతాలకూ ఒక్కొక్కటి చొప్పున పంచేశారు. ఏపీనిక్‌కు దక్కింది 103తో మొదలయ్యే బ్లాకు. ఆ ఏడాది ఏప్రిల్ నుంచి కొత్తగా అడిగిన సంస్థకు అందులోంచి గరిష్ఠంగా /22 ఇచ్చారు. 2019లో దాన్ని /23కు, అంటే 512 చిరునామాలకు తగ్గించారు. మన ఊళ్లలో ఇంటింటికీ ఫైబర్ వేసిన చిన్న సంస్థల చిరునామాల్లో తరచూ 103 కనిపించడానికి కారణం ఇదే.

లోపలి నెట్‌వర్కులకు ఎవరినీ అడగకుండా వాడుకోదగినవి మూడు బ్లాకులు, 1996 ఫిబ్రవరి నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918 ప్రకారం:

10.0.0.0/8
172.16.0.0/12
192.168.0.0/16

మధ్యదాన్ని మీ అంతట మీరే విప్పి చూడండి. /12 మాస్క్ 255.240.0.0, రెండో భాగంలో అంగ 16. కాబట్టి 172.16 నుంచి 172.31 దాకానే. 172 అంతా సొంతమే అనుకుని 172.40తో నెట్‌వర్క్ కట్టిన చోట్లు నేను చూశాను. ఆ చిరునామాలు బయట ఎవరివో. మీ ఉద్యోగులు ఆ సంస్థ వెబ్‌సైటు తెరవబోతే పేజీ రాదు, ఎందుకు రాదో చాలాకాలం ఎవరికీ అంతుపట్టదు.

ఇంకొన్నిటిని గుర్తుపట్టగలిగితే చాలు. 127.0.0.0/8 కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునేది. 169.254.0.0/16 కనిపిస్తే ఆ పరికరానికి చిరునామా ఇచ్చే సర్వరు దొరకలేదని అర్థం. 100.64.0.0/10 ఇంటర్నెట్ సంస్థలు ఒకే బయటి చిరునామాను చాలామంది వినియోగదారులకు పంచేటప్పుడు లోపల వాడేది, 2012లో కేటాయించారు. మీ ఇంటి రూటరుకు బయటి వైపు 100.64 నుంచి 100.127 మధ్య చిరునామా ఉంటే, ఇంట్లో పెట్టిన కెమెరాను బయటి నుంచి నేరుగా చేరలేరు. రూటర్ సెట్టింగులు ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

ఆరో అడుగు: ఒక కళాశాలకు పంచి చూద్దాం

నిజమైన పని ఇక్కడుంది, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుదాం. ఒక కళాశాలకు 10.40.8.0/22 బ్లాకు ఇచ్చారనుకోండి. ముందు ఆ రాసింది సరైనదో కాదో చూడాలి: /22కి మూడో భాగంలో అంగ 4, ఎనిమిది నాలుగుకు గుణిజమే, సరిపోయింది. 10.40.8.0 నుంచి 10.40.11.255 వరకు 1,024 చిరునామాలు. అవసరాలు ఇవి: హాస్టల్ వైఫైకి 400, ప్రయోగశాలలకు 180, కార్యాలయానికి 60, సీసీ కెమెరాలకు 45, సర్వర్లకు 12, రెండో భవనపు రూటరుకు వెళ్లే తీగకు 2.

మొదట ప్రతి అవసరానికీ సైజు నిర్ణయించండి. హాస్టల్ 400కు /23 (510). ప్రయోగశాలలు 180కి /24 (254). కార్యాలయం 60కి /26 సరిపోయినట్టే కనిపిస్తుంది, అందులో 62 ఉన్నాయి. గేట్‌వేతో 61 అవుతాయి. వచ్చే నెల ఇద్దరు కొత్తవాళ్లు చేరితే చిరునామాలు అయిపోతాయి. ఇక్కడ నేను /25 ఇస్తాను. కెమెరాలు 45కి /26. సర్వర్లు 12కు /28లో 14 ఉంటాయి, అదీ ఇరుకే. సర్వర్ల చిరునామాలు తరువాత మార్చడం అన్నిటికంటే కష్టం కాబట్టి /27. తీగకు /30.

తరువాత పెద్దదానితో మొదలుపెట్టి దిగుతూ పరచండి:

హాస్టల్: 10.40.8.0/23, అంటే 10.40.8.0 నుంచి 10.40.9.255
ప్రయోగశాలలు: 10.40.10.0/24
కార్యాలయం: 10.40.11.0/25, చివర 0 నుంచి 127
కెమెరాలు: 10.40.11.128/26, 128 నుంచి 191
సర్వర్లు: 10.40.11.192/27, 192 నుంచి 223
తీగ: 10.40.11.224/30, 224 నుంచి 227

చివర 228 నుంచి 255 వరకు 28 మిగిలాయి. అవి ఒకే బ్లాకు కావు: 228 దగ్గర ఒక /30, 232 దగ్గర ఒక /29, 240 దగ్గర ఒక /28. నాలుగు, ఎనిమిది, పదహారు, కూడితే 28.

పెద్దవి ముందు ఎందుకు? చూడటానికి అందంగా ఉందని ఎవరో సర్వర్లకు 10.40.8.0/27, కెమెరాలకు 10.40.10.0/26 ముందే ఇచ్చేశారనుకోండి. వాడింది 96 మాత్రమే. ఇంకా 928 చిరునామాలు ఖాళీ. అయినా హాస్టల్‌కు ఒక్క /23 కూడా దొరకదు! ఈ /22లో /23 మొదలవగల చోట్లు రెండే, 8.0, 10.0. రెండింటిలోనూ ముందే ఎవరో కూర్చున్నారు. ఎకరం పొలానికి సరిగ్గా నడుమ బావి తవ్వితే పొలం మిగిలే ఉంటుంది, కానీ పెద్ద మడి కట్టడానికి వీలుండదు. చిరునామాలదీ అదే పరిస్థితి. ఎంత మిగిలిందన్నది సగం సంగతే, ఎక్కడ మిగిలిందో కూడా చూడాలి.

ఇంకో మాట. లోపలి నెట్‌వర్కుకు చిరునామాలకు కరువు లేదు, 10.0.0.0/8లోనే కోటీ 67 లక్షలున్నాయి. కాబట్టి అవసరానికి రెట్టింపు ఇవ్వడానికి వెనకాడకండి. కానీ ఒకే నెట్‌వర్క్‌లో వేల పరికరాలు పెట్టడం మంచిది కాదు. బ్రాడ్‌కాస్ట్ ప్రతి ఒక్కదానికీ చేరుతుంది, ఒక కంప్యూటరుకు వైరస్ సోకితే అడ్డుగోడ లేకుండా పాకుతుంది. హాస్టల్ విద్యార్థుల ఫోన్లు, పరీక్షల సర్వర్లు ఒకే బ్లాకులో ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం, మొత్తం పరికరాలు యాభై దాటకపోయినా సరే.

ఏడో అడుగు: రెండు బ్లాకులు ఢీకొంటున్నాయా?

గుణిజాల నియమం వల్ల ఒక చక్కటి సౌలభ్యం దొరుకుతుంది. ఏ రెండు బ్లాకులు తీసుకున్నా ఒకటి రెండోదానిలో పూర్తిగా ఉంటుంది, లేదా రెండూ పూర్తిగా వేరుగా ఉంటాయి. సగం లోపల, సగం బయట అన్న స్థితి ఎప్పుడూ రాదు. కాబట్టి ఢీకొంటున్నాయో లేదో చూడటానికి చిన్న బ్లాకు మొదటి చిరునామా పెద్ద బ్లాకులో ఉందో లేదో చూస్తే చాలు.

ఇది ఇంటి నుంచి పనిచేసే వాళ్లకు రోజూ ఎదురయ్యే సంగతి. చాలా ఇళ్ల రూటర్లు 192.168.0.0/24 లేదా 192.168.1.0/24తో వస్తాయి. కార్యాలయం కూడా 192.168.1.0/24 వాడితే, ఇంటి నుంచి కార్యాలయపు నెట్‌వర్కుకు చేర్చే వీపీఎన్ కలిపాక 192.168.1.10 అన్న సర్వరు కోసం వెతికే కంప్యూటర్ ఇంట్లోని టీవీ తలుపు తట్టవచ్చు. డాకర్ (ప్రోగ్రాములను విడి పెట్టెల్లో నడిపే సాధనం) వాడేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి; అది మామూలుగా 172.17.0.0/16 తీసుకుంటుంది. కార్యాలయపు నెట్‌వర్క్ అందులో ఉంటే ఆ ఒక్క కంప్యూటర్ నుంచే కొన్ని సర్వర్లు కనిపించవు. కొత్తగా కడుతున్నప్పుడు 10లో ఎవరూ తరచూ ఎంచుకోని సంఖ్య తీసుకోండి: 10.0 గానీ 10.1 గానీ కాకుండా 10.83 లాంటిది.

కలిపి రాయడం

విడగొట్టడానికి ఎదురు పని ఇది. 10.60.4.0/24, 10.60.5.0/24, 10.60.6.0/24, 10.60.7.0/24 నాలుగింటినీ కలిపి 10.60.4.0/22 అని ఒకే వాక్యంలో చెప్పవచ్చు, ఎందుకంటే నాలుగు 4కు గుణిజం. అదే 5, 6, 7, 8 అయితే కుదరదు. వరసగా ఉన్నా, నాలుగే ఉన్నా మొదలు గుణిజం దగ్గర లేదు. 6, 7 మాత్రం కలిసి 10.60.6.0/23 అవుతాయి, 5, 8 విడిగానే ఉంటాయి. అందుకే ఒక్కో శాఖకు బ్లాకు ఇచ్చేటప్పుడు పక్కన పెరగడానికి చోటు వదిలి, సరైన గుణిజం దగ్గర మొదలుపెట్టండి. రూటరుకు రెండు దారులు సరిపోతే పొడవైన ప్రిఫిక్స్ ఉన్నదాన్నే ఎంచుకుంటుందని కూడా గుర్తుంచుకోండి: /22 ఒకవైపు, అందులోని ఒక /24 ఇంకోవైపు చూపిస్తే, ఆ /24కి వెళ్లేదంతా రెండో దారిలో పోతుంది.

క్లౌడ్‌లోనూ ఇదే లెక్క, కొద్ది తేడాతో

2022 నవంబరులో హైదరాబాద్‌లో అమెజాన్ తన క్లౌడ్ రీజియన్ (డేటా కేంద్రాల సముదాయం) తెరిచాక మన వాళ్లలో చాలామందికి ఈ లెక్కలు మళ్లీ కావలసి వచ్చాయి. అక్కడ ఒక్కో సబ్‌నెట్‌లో రెండు కాదు, ఐదు చిరునామాలు అమెజాన్ తన దగ్గర ఉంచుకుంటుంది: మొదటి నాలుగు, చివరిది. /28 తీసుకుంటే 16కు 11 దక్కుతాయి. అంతకంటే చిన్న సబ్‌నెట్ ఇవ్వదు, /16 కంటే పెద్దది ఒప్పుకోదు. సబ్‌నెట్ ఒకసారి చేశాక దాని సైజు మార్చలేరు, తీసేసి మళ్లీ కట్టాలి. కాబట్టి మొదటి రోజే /24కు తగ్గకుండా తీసుకోండి.

ఐపీ ఆరో వెర్షన్‌లో ఆలోచనే మారుతుంది. చిరునామాలో 128 బిట్లుంటాయి, ఒక్క మామూలు సబ్‌నెట్ సైజు /64. అందులో సుమారు 1.84 లక్షల కోట్ల కోట్ల చిరునామాలు. పరికరాలు ఎన్నని లెక్కపెట్టే పని అక్కడ లేదు. సబ్‌నెట్లు ఎన్ని కావాలో లెక్కపెట్టాలి. /56 దొరికితే 256 సబ్‌నెట్లు, /48 దొరికితే 65,536. పొదుపు కోసం /64ను ఇంకా చిన్నది చేయకండి. పరికరాలు తమ చిరునామాను తామే తయారుచేసుకునే పద్ధతి అక్కడ చెడిపోతుంది.

చేతితో చేయాల్సిన లెక్కలు

జవాబు చూడకుండా ముందు ప్రయత్నించండి.

10.0.77.130/21 ఏ బ్లాకులోది? అంగ మూడో భాగంలో 8. 77 కింద ఉన్న గుణిజం 72. బ్లాకు 10.0.72.0 నుంచి 10.0.79.255 వరకు.

192.168.3.64/25 అని నెట్‌వర్క్ పేరు రాయవచ్చా? రాయకూడదు. 64 అన్నది 128కి గుణిజం కాదు. ఆ చిరునామా 192.168.3.0/25లోని ఒక పరికరానిది.

70 కెమెరాలకు ఏ సైజు? /26లో 62 మాత్రమే దక్కుతాయి, కాబట్టి /25.

172.20.96.0/19 ఒక భవనానికి ఇచ్చారు. ఇంకో భవనానికి 172.20.120.0/22 ఇవ్వవచ్చా? /19 అంగ 32, కాబట్టి మొదటిది 96 నుంచి 127 దాకా ఆక్రమించింది. 120 అందులోనే ఉంది. ఇవ్వకూడదు. ఖాళీగా ఉన్న తరువాతి చోటు 172.20.128.0/22.